వీధికి నాలుగు తాళాలు

దీపాలు పెట్టే వేళకి ఏలూరు పవర్‌పేటలోనో రామచంద్రరావుపేటలోనో ఓసారి నడిచి చూడండి. ఏ వీధి తీసుకున్నా మూడు నాలుగు ఇళ్లు చీకట్లో ఉంటాయి. కూలిపోయిన పెంకుటిళ్లే కాదు, గ్రానైటు మెట్లూ స్టీలు కటకటాలూ ఉన్న మేడలు కూడా. గేటుకి తాళం. మెట్ల మీద రావాకులు. గోడ వారన ఎవరో పారేసిన చెత్త. అదే వీధిలో ఓ నర్సమ్మ మొగుడితోనూ చంటిపిల్లతోనూ రెండు గదుల కోసం గుమ్మం గుమ్మం ఎక్కి దిగుతూ ఉంటుంది. "బాబాయ్ గారూ, మీ వీధిలో ఎక్కడైనా వాటా ఖాళీ ఉందాండీ?" అని నన్నూ అడుగుతారు ఇలాంటివాళ్లు. ఏం చెప్పను? వీధికి నాలుగు ఇళ్లు ఖాళీ. ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. ఊళ్లో ఇళ్ల కొరత అని రోజూ అంటూనే ఉంటారు. కొరత ఇళ్లకు కాదు, తాళం తీసేవాళ్లకు.

గోదావరి జిల్లా మునిసిపాలిటీల్లో బిల్ కలెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇంటి పన్నుకి తిరిగేవాడికి ఊళ్లో ప్రతి గడపా తెలుస్తుంది. ఏ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో, ఏ నూతి దగ్గర ఎంతమంది బిందెలు పెడుతున్నారో చూసి గుర్తుపెట్టుకునేవాణ్ణి. కనకనే ఇవాళ ఈ తాళాలు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి కేంద్రమైన దగ్గర్నుంచీ ఈ ఊరికి బదిలీ మీదా పనికీ చదువుకీ వచ్చేవాళ్లకు కొదవ లేదు. కలెక్టరాఫీసు గుమాస్తాలు, జిల్లా కోర్టు బంట్రోతులు, బడిపంతుళ్లు, సి.ఆర్.రెడ్డి కాలేజీకి పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్లు, జూట్ మిల్లు పనివాళ్లు, తివాచీలు నేసేవాళ్లు. వీళ్లందరికీ సర్కారు క్వార్టర్లు ఎక్కడివి? అందరూ వాటాల్లోనే సర్దుకున్నారు. మండువా ఇల్లుంటే ముందు వసారా, నడిమి గదులు ఇంటివాళ్లవి. పక్క నడవాలో ఓ వాటా, పెరటి వైపు రెండు వాటాలు. నుయ్యి ఒకటే, దొడ్డి ఒకటే, తులసికోట ఒకటే. భర్త పోయిన ఆడవాళ్లు ఎంతోమంది ఆ వాటాల అద్దె మీదే పిల్లల్ని చదివించుకున్నారు. వానాకాలం రాకముందు పెంకు సర్దించడం, సంక్రాంతికి సున్నం కొట్టించడం, ఈ రెండు ఖర్చులూ అద్దెల్లోంచే వచ్చేవి. మనిషి మసిలే ఇల్లు కాబట్టి కారే చోటు ఆ రాత్రికే తెలిసిపోయేది. పొద్దున్నే ఎవరో ఒకరు నిచ్చెన వేసి పెంకు మార్చేవారు.

ఇల్లు ఊరికే మూసి పెట్టడం అప్పట్లో నామోషీ. సందెవేళ దీపం లేని ఇల్లుంటే ఆ ఇంటివాళ్లకు ఏదో కీడు జరిగిందని అనుకునేవారు. పైఊరు వెళ్లవలసి వస్తే, అద్దె రాకపోయినా ఫరవాలేదు, దీపం పెట్టుకుని ఉండండి అని బంధువుల్నో, తెలిసిన పంతుల్నో దింపి వెళ్లేవారు. తాళం అంటే తీర్థయాత్రకు వేసేదే.

అలాగని అప్పుడంతా బాగానే ఉందని నేను అనను. వాటా అడగడానికి వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి మొదట అడిగే ప్రశ్న కులం. దళితుడైన గుమాస్తా, పరీక్ష పాసై కలెక్టరాఫీసులో కుర్చీ సంపాదించినవాడు, ఊరి బయట పేటలోంచి సైకిలు మీద వచ్చేవాడు. ముస్లిం కుటుంబాలకు వాళ్ల వీధులు తప్ప వేరే దారి ఉండేది కాదు. ఇప్పటికీ అది పోలేదు. "మాంసం వండుకుంటారా?" అని మర్యాదగా అడుగుతున్నారు, అంతే తేడా. ఇళ్లు తెరిపించాలని నేను అడిగేది అందరికీ తెరిపించాలని.

ఆ రోజుల్లో చట్టం కూడా ఖాళీ ఇంటిని పట్టించుకునేది. ఇది చాలామందికి తెలియదు, చెప్పాలి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు వచ్చిన 1949 అద్దె చట్టంలోనూ, ఆ తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ చేసుకున్న అద్దె నియంత్రణ చట్టంలోనూ ఒక నిబంధన ఉండేది. 1960 చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ అయితే ఇంటి యజమాని పది రోజుల్లోగా అధికారికి రాతపూర్వకంగా తెలపాల్సి ఉండేది. సర్కారు పనికో, బదిలీ మీద వచ్చిన ఉద్యోగికో ఆ ఇల్లు కావాలంటే ప్రభుత్వం తీసుకుని కేటాయించగలిగేది. ఇల్లు నీదే, అద్దె నీకే, కానీ ఊళ్లో జనం ఇళ్లు లేక అల్లాడుతుంటే మూసి ఉంచుకోవడం నీ ఒక్కడి సొంత వ్యవహారం కాదు అని చట్టం ఒప్పుకున్నట్టే కదా. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ న్యాయంగానే కనపడుతుంది.

అయితే అదే చట్టం ఇంటివాళ్లను భయపెట్టింది కూడా. అద్దె పెంచకూడదు, ఖాళీ చేయించాలంటే కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాలి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదని మొదట ఓ మినహాయింపు ఉండేది. 1983లో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో దాన్ని కొట్టేసింది. తర్వాత కొత్త కట్టడాలకూ పెద్ద అద్దెలకూ ప్రభుత్వం మళ్లీ మినహాయింపులిచ్చింది గానీ, అప్పటికే భయం ఊళ్లో పాకిపోయింది. "అద్దెకిస్తే మళ్లీ మన చేతికి రాదు" అనే మాట నేను అప్పట్లోనే వినడం మొదలుపెట్టాను. ఇప్పుడు దావాలు అంత లేవు, చట్టాలూ మారాయి. మాట మాత్రం తండ్రి నోట్లోంచి కొడుకు నోట్లోకి వచ్చింది.

పన్ను సంగతికి వద్దాం, నాకు బాగా తెలిసింది అదే. మా రోజుల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద వేసేవారు. ఆ ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో లెక్కగట్టి, దాని మీద పన్ను. అలాంటప్పుడు ఇల్లు నిజంగా ఖాళీగా ఉంటే పన్నులో కొంత తగ్గించమని యజమాని దరఖాస్తు పెట్టుకోవడంలో అర్థం ఉంది. అద్దె రాలేదు, పన్ను తగ్గించారు. ఆ దరఖాస్తు వస్తే ఇల్లు నిజంగా ఖాళీగా ఉందో లేదో మేం వెళ్లి చూసేవాళ్లం, వంటింటి పొయ్యిలో బూడిద వెచ్చగా ఉందేమోనని కూడా.

2021 నుంచి మన రాష్ట్రంలో పన్ను పద్ధతి మారింది. అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది, అంటే స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ ఆఫీసు చెప్పే ధర. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని హద్దు పెట్టారు. మరి మూలధన విలువకు మనిషి ఉంటేనేం, లేకపోతేనేం? తాళం వేసి ఉన్నా రామచంద్రరావుపేట స్థలం ధర పెరుగుతూనే ఉంటుంది. యజమానికి ఆ పెరుగుదలే చాలు, ఎనిమిదివేలో పదివేలో అద్దె కోసం ఎవరినో దింపి మాటలు పడడమెందుకు అనుకుంటాడు. ఖాళీ పేరు చెప్పి మినహాయింపు అడిగే పద్ధతి మాత్రం పోలేదు. ఇంకో వింత, ఇల్లు కట్టని ఖాళీ స్థలానికి ఖాళీ స్థలాల పన్ను ఉంది. ఇల్లు కట్టి, దానికి తాళం వేసి, పదేళ్లు ఎవరినీ అడుగుపెట్టనివ్వకపోతే మాత్రం అదనంగా పైసా లేదు. పిచ్చిమొక్కల స్థలం మీద ఉన్న కోపం పాములు చేరిన మేడ మీద లేకపోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

ఈ తాళాలు ఎవరివి? నాకు తెలిసినంతలో మూడు రకాలు.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలవి మొదటివి. తొంభైల నుంచి కంప్యూటర్ల చదువులకు మన డెల్టా ఊళ్లు ఖాళీ అయ్యాయి. తల్లిదండ్రుల కోసమని, పండక్కి వచ్చినప్పుడు దిగడానికని బంగళాలు కట్టారు. తల్లిదండ్రులు పోయారు. తాళంచెవి ఏ పాలేరు దగ్గరో, పక్కింటివాళ్ల దగ్గరో ఉంటుంది. ఏడాదికోసారి సంక్రాంతికి తలుపు తీసి బూజు దులుపుతారు. వాళ్లను నేను తిట్టను, కష్టపడి సంపాదించుకున్నారు. కానీ నెలకు నాలుగు మెసేజీలు పెట్టుకుంటే ఓ కుటుంబం ఆ ఇంట్లో బతుకుతుందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

రెండో రకం తగాదా ఇళ్లు. ఇవే ఎక్కువ, ఇవే కూలుతున్నవి. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు 1985లోనే ఇచ్చిన రాష్ట్రం మనది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మంచి చట్టం, ఆలస్యంగానైనా వచ్చిన న్యాయం. కానీ అన్నదమ్ములు కూర్చుని అక్కచెల్లెళ్ల వాటా తేల్చి కాగితం రాసుకోవడం మాత్రం ఎవరూ చెయ్యరు. తాతగారి పేరు మీదే పన్ను రసీదు. ఆయన పోయాక వారసులు పదకొండు మంది, ముగ్గురు ఏలూరులో, ఒకరు విశాఖలో, మిగతావాళ్లు ఎక్కడెక్కడో. దావా జిల్లా కోర్టులో. అద్దె ఎవరు తీసుకోవాలో తేలదు కాబట్టి అద్దెకివ్వరు. పెంకు ఎవరు సర్దించాలో తేలదు కాబట్టి సర్దించరు. మండువా మీద ముందు దూలం వంగుతుంది, తర్వాత వాన లోపలికి దిగుతుంది, తర్వాత గోడ నానుతుంది. ఓ ఆగస్టు రాత్రి సగం ఇల్లు వీధిలోకి పడుతుంది. అప్పుడు మునిసిపాలిటీ వాళ్లు వచ్చి ప్రమాదకర కట్టడం అని గోడ మీద కాగితం అంటించి వెళతారు. టేకుతో, బర్మా దూలాలతో, డంగు సున్నంతో కట్టిన ఇళ్లండీ అవి. దావా తేలేలోపు దూలాలు దొంగలు పట్టుకుపోయారు.

మూడోది సర్కారు తాళాలు, వీటి మీద నాకు మరీ కోపం. పేదవాళ్ల కోసమని పట్టణాల్లో టిడ్కో ఇళ్లు కట్టించారు. నాలుగంతస్తుల బ్లాకులు, షీర్‌వాల్ పద్ధతి, 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. మా ఏలూరులో పోణంగి దగ్గర, తాడేపల్లిగూడెంలోనూ. 2019 ఎన్నికల నాటికి గోడలు లేచి నిలబడ్డాయి. గోడలు లేపిన ప్రభుత్వం మంచినీళ్లూ మురుగు కాలువలూ రోడ్లూ మాత్రం పూర్తి చెయ్యలేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వం టెండర్లు తిరగేసింది, లెక్కలు సరిచూసింది, రంగులు మార్చింది, తలుపులు తియ్యడానికి మాత్రం ఏళ్లు తీసుకుంది. రాష్ట్రం మొత్తం మీద ఇళ్ల సంఖ్యను 2.62 లక్షలకు కుదించారు. 300 అడుగుల ఇంటిని ఒక్క రూపాయికిచ్చారు, పెద్ద ఇళ్లవాళ్లు కట్టవలసిన వాటాను సగానికి తగ్గించారు, అది మేలే. కానీ ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు అప్పుకు వాయిదా కట్టమని నోటీసు అందుకున్నవాళ్లు ఈ రాష్ట్రంలో ఉన్నారు. ఓ పక్క అద్దె, ఓ పక్క వాయిదా, కళ్లెదుట తాళం వేసిన సొంత ఇల్లు. తాళం తీశాక కూడా చాలా బ్లాకుల్లో నీళ్లు రాక, బస్సు లేక, బడి దగ్గర లేక జనం వెళ్లలేదు. ఊరికి దూరంగా కట్టిన ఇంట్లోంచి ఇంటి పనులకు వెళ్లే ఆడమనిషి పొద్దున్నే ఆటోకి ఎంత పెట్టాలి?

తాడేపల్లిగూడెం గురించి ఓ మాట. అక్కడ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లీషువాళ్లు విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు రాలేదు, నేల దశాబ్దాల తరబడి అలాగే పడి ఉంది. 2015లో ఎన్ఐటీ మంజూరైతే ఆ నేలలోనే కడకట్ల దగ్గర స్థలం కేటాయించారు. పాడుపెట్టిన నేలకు ఇంత మంచి వాడకం దొరకడం చూసి నేను సంతోషించాను. కానీ కాలేజీ వస్తే దానితోపాటు గుమాస్తాలూ వంటవాళ్లూ సెక్యూరిటీవాళ్లూ వస్తారు, వాళ్లెక్కడుంటారని ఎవరూ ముందు ఆలోచించలేదు. ఏలూరులోనూ అంతే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ప్రతి దానికీ అద్దెలు ఎగబాకాయి. పాత వాటాల ఇళ్లు పడగొట్టి హాస్టళ్లు కట్టారు, అందులో సంసారులకు చోటు లేదు.

ఇక కొల్లేరు. లంకల్లోకి వెళ్లి చూస్తే ఇల్లు విలువ ఏమిటో తెలుస్తుంది. కొల్లేటికోట, గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, ఇవన్నీ నీళ్ల మధ్య మట్టిదిబ్బల మీది ఊళ్లు. దిబ్బ ఎంతుందో ఊరు అంతే. ఇంటి చూరుకు ఇంటి చూరు తగులుతుంది, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాలి. కొడుకు పెళ్లి చేస్తే కొత్త ఇంటికి స్థలముండదు, ఉన్న గదికే తడిక అడ్డం కడతారు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. 2005, 2006ల్లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అక్కడ చేపలు పట్టి బతికే వడ్డి కుటుంబాలు పెరిగితే ఎక్కడుండాలనే ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా ఇన్నేళ్లు గడిపారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఆ నీళ్లు కొల్లేరుకి దిగినప్పుడు పెద ఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగిపోయింది. లంకలవాళ్లు పడవల మీద తిరిగారు. అక్కణ్ణుంచి ఓ గంట ప్రయాణంలో ఏలూరులో ఆ మేడల తాళాలు అలాగే ఉన్నాయి.

ఇళ్లు కావాలంటే ప్రభుత్వాలకు తెలిసింది ఒకటే, పొలం కొని ప్లాట్లు కొయ్యడం. 2020 డిసెంబరు 25న పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర చొప్పున 30 లక్షల పైచిలుకు పట్టాలకు శ్రీకారం చుట్టారు. ఇప్పుడు పట్టణంలో రెండు, పల్లెలో మూడు సెంట్లు అంటున్నారు. ఎక్కువిస్తే మంచిదే. కానీ మన ప్రాంతంలో పొలం అంటే పల్లం. వరి నిలిచే నేల మీద ఇల్లు నిలవాలంటే ముందు మెరక చెయ్యాలి, ట్రక్కుల మీద ట్రక్కులు మట్టి తోలాలి. ఆ పట్టాల మీద ఇంటికిచ్చిన 1.80 లక్షల్లో పునాది నీళ్లలోంచి పైకి రావడానికే సగం పోయింది. వానొస్తే కాలనీ చెరువు. చేతిలో పట్టా ఉండి అద్దింట్లోనే ఉంటున్నవాళ్లు మా వీధి చుట్టుపక్కలే ఎంతమందో. కొత్త నేల మింగే ముందు ఊళ్లో కట్టి ఉన్నవాటిని లెక్కపెట్టమంటాను. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లోనే ఖాళీ ఇళ్లు 1.1 కోట్లు తేలాయి. ఆ మరుసటి ఏడాది కేంద్రం వేసిన బృందం పట్టణాల్లో కొరత 1.88 కోట్ల ఇళ్లని చెప్పింది. అందులో ఎక్కువమంది రోడ్డు మీద ఉన్నవాళ్లు కాదు, ఒకే గదిలో కిక్కిరిసి ఉన్న కుటుంబాలు. ఖాళీ ఇళ్లన్నీ తెరిచినా కొరత తీరదని ఆ లెక్కే చెబుతోంది, నాకూ తెలుసు. కానీ ఆ తెరిచిన ఇళ్లకు మెరక ఖర్చు లేదు, రోడ్డు వెయ్యక్కర్లేదు, కరెంటు స్తంభం ఉంది, కుళాయి ఉంది, బడి నాలుగడుగుల్లో ఉంది.

బయటి దేశాలు ఈ పని మొదలుపెట్టాయి. కెనడాలోని వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీగా ఉంచిన ఇళ్ల మీద వేరే పన్ను వేస్తోంది, ఇంటి విలువలో ఒక శాతంతో మొదలుపెట్టి తర్వాత మూడు శాతానికి పెంచింది. జపానులో 2023 సర్వేలో 90 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. అక్కడ 2015 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పాడుబెట్టిన ఇంటికి స్థలపు పన్ను రాయితీ తీసేస్తారు, మరీ ప్రమాదకరమైతే స్థానిక అధికారులే పడగొట్టి ఖర్చు యజమాని దగ్గర వసూలు చేస్తారు. మనవాళ్లు పరాయి దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడి పన్నులు కడుతూనే ఉన్నారు. ఏలూరులో కట్టమంటే తప్పేమిటి?

నేను పన్నుల మనిషిని కాబట్టి నా సలహాలూ ఆ దారిలోనే ఉంటాయి. ఖాళీ పేరు మీద మినహాయింపు ఎత్తెయ్యాలి. ఏడాది దాటి మూసి ఉన్న ఇంటికి ఖాళీ స్థలాల పన్నుకు సమానంగా అదనపు పన్ను వెయ్యాలి, అద్దెకిచ్చిన నెల నుంచి తీసెయ్యాలి. తగాదాలో ఉన్న ఇంటికి కోర్టు ఓ సంరక్షకుణ్ణి పెట్టి అద్దెకిప్పించి ఆ డబ్బు దావా ఖాతాలో వేయించాలి. దావా ఎవరు గెలిచినా ఇల్లు నిలిచి ఉంటుంది, డబ్బూ ఉంటుంది. ఇంటివాళ్ల భయం కూడా న్యాయమైనదే, దాన్ని కొట్టిపారెయ్యకూడదు. గడువు అయ్యాక ఖాళీ చేయించే బాధ్యత మునిసిపాలిటీ తీసుకుని, మధ్యలో తానే అద్దెదారుగా నిలబడితే అమెరికాలో ఉన్నవాడికీ ధైర్యం వస్తుంది. టిడ్కో ఇళ్ల విషయంలో పంపు, బస్సు, బడి ఈ మూడూ చూపించేదాకా బ్యాంకు వాయిదా మొదలుపెట్టకూడదు.

ఇవన్నీ చెయ్యడానికి కొత్త ఆఫీసు కూడా అక్కర్లేదు. 2019 అక్టోబరు నుంచి వార్డుకో సచివాలయం ఉంది. అక్కడి సిబ్బంది చేతిలో ఇళ్ల లెక్క ఉంది. యజమానులు దొరకరని చెప్పే మాట కూడా సంక్రాంతికి చెల్లదు. భోగి నుంచి కనుమ దాకా ఏలూరు రోడ్ల మీద తెలంగాణ నంబరు కార్లు నిండిపోతాయి, ఆ తాళాలన్నీ తెరుచుకుంటాయి. ఆ మూడు రోజులూ సెలవు తీసుకోకుండా సచివాలయం సిబ్బంది జాబితా పట్టుకుని ఇంటింటికీ వెళ్లాలి. ఈ ఇల్లు ఎందుకు మూసి ఉంచారు, ఎన్నాళ్లు, అద్దెకివ్వడానికి ఏం అడ్డం అని అడిగి, జవాబు రాయించి, సంతకం తీసుకోవాలి. వాళ్లకు దారి చూపించడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. వీధులన్నీ నాకు తెలుసు.